పిచ్చుక మీసాలు

కూతురు మెత్తటి కుంచెతో ఓడల మీది దుమ్ము దులుపుతోంది.

ముందుగది నిండా షిప్‌యార్డే. ఎప్పుడో మూతబడి నేలమట్టమైన యార్డును తండ్రి అగ్గిపుల్లలతో, రేకుముక్కలతో బల్ల మీద మళ్ళీ నిలబెట్టాడు. రేపు మ్యూజియం వాళ్ళు పట్టుకెళతారు.

గుమ్మంలో ఎవరో దగ్గారు.

"పేపర్లో ఈ యార్డు బొమ్మ చూశానమ్మా. ఓసారి చూసి పోదామని."

ఒక ముసలావిడ. చేతిలో గుడ్డసంచి.

"రండి పెద్దమ్మా. నాన్న జిగురు కోసం వెళ్ళారు. చూడండి గానీ చెయ్యి మాత్రం పెట్టకండి."

ఆవిడ బల్ల చుట్టూ మెల్లగా తిరిగి, పెద్ద క్రేను దగ్గర ఆగిపోయింది. క్రేను నడిపే పైగదిలో గోరంత మనిషి. గుబురు మీసాలు.

"ఈయనెవరు?"

కూతురి ముఖం వెలిగిపోయింది.

"పిచ్చుక! ఈ క్రేను నడిపిన మనిషిని యార్డులో అందరూ అలాగే పిలిచేవాళ్ళట. నాన్న పనిలో కొత్తగా చేరిన రోజుల్లో నెత్తిమీదికి ఇనపదూలం జారిందట. పైనుంచి పిచ్చుక ఈల వేయబట్టి పక్కకు దూకారు. కాలు విరిగినా ప్రాణం దక్కింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి యార్డు మూసేశారు. దణ్ణం పెడదామన్నా మనిషి దొరకలేదు. అందుకే ఇదంతా కట్టారు."

"మనిషిని చూడనేలేదా? మరి మీసాలో?"

"అంత గుండె ఉన్న మగాడికి మీసాలు లేకపోవడమేంటని, కుంచె వెంట్రుకలు కత్తిరించి అంటించారు."

ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

"కిందివాళ్ళంతా 'పిచ్చుక వచ్చింది, పిచ్చుక ఎక్కింది' అనేవాళ్ళు గదమ్మా!"

"పిచ్చుకను 'వచ్చాడు' అంటే నవ్వరూ?"

"అదీ నిజమేలే. కడుపు నిండింది తల్లీ."

కూతురు మంచినీళ్ళు తెచ్చేసరికి గది ఖాళీగా ఉంది. సందు చివర బస్సు కదిలిన చప్పుడు.

తండ్రి చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు.

"చూడు నాన్నా, ఎవరో ముసలావిడ చేసిన పని! చెయ్యి పెట్టొద్దని చెప్పినా విన్లేదు."

క్రేను గదిలో బొమ్మ నున్నటి ముఖంతో నిలబడి ఉంది. పీకిన మీసాలు రేవుగట్టు మీద పొందిగ్గా పెట్టి ఉన్నాయి.

"ఏమైనా అందా?"

"'పిచ్చుక వచ్చింది అనేవాళ్ళు గదా' అని ఒకటే నవ్వు."

తండ్రి వంగి బొమ్మ నున్నటి ముఖంలోకి చూశాడు.

"వచ్చింది," అన్నాడు మెల్లగా. ఆ మాటనే నాలుక మీద మరోసారి తిప్పి చూసుకున్నాడు. "వచ్చింది."

తర్వాత చేతికర్రను గోడకు ఆనించి అక్కడే వదిలేసి, బస్సు ఎప్పుడో మలుపు తిరిగిన వీధిలోకి కుంటుకుంటూనే నడిచి వెళ్ళిపోయాడు.