లైబ్రరీ మెట్టు వయసు

"ఈ మెట్టు వయసు వంద కోట్ల ఏళ్లు!" అంటూ భూగర్భశాస్త్రం మాస్టారు నగరేశ్వరరావు లైబ్రరీ మెట్టును సుత్తితో తట్టారు. విద్యార్థులు గబగబా రాసుకున్నారు.

పక్కనే ఊడుస్తున్న లక్ష్మీనరసమ్మ చీపురు ఆపింది. "అది రాయి కాదు బాబూ, సిమ్మెంటు. నిరుడు పాత మెట్టు ఇరిగిపోతే నానే తట్టతో మోసినాను. రాయిలాగ కనబడాలని రంగేసినారు."

అందరూ ఘొల్లున నవ్వారు. ఏదో పెద్ద ఇంగ్లీషు మాట విసిరి తప్పించుకోవడం మాస్టారికి ఇరవై ఏళ్ల అలవాటు. కానీ యమున అనే విద్యార్థిని ఏం రాయాలో తెలియక ఆయన ముఖంలోకే చూస్తోంది.

"కొట్టెయ్యమ్మా," అన్నారాయన. "నేను రాయిని చూడలేదు. పాత నోట్సు చూసి చెప్పాను."

తర్వాత లక్ష్మీనరసమ్మను అడిగారు. "ఆ పాత మెట్టు ఏమైందమ్మా?"

"కేంటీన్ ఎనక పడేసినారు. ఇరిగినకాడ ఎర్రగా దానిమ్మ గింజల్లాటివి మెరుస్తన్నాయి. సూస్తారేటి?"

గార్నెట్లు, రాతిలో పుట్టే ఎర్ర మణులు! ఇన్నేళ్లలో ఆ రాయి గురించి ఇంత తేటగా ఆయన ఏ క్లాసులోనూ చెప్పలేదు.

"నువ్వు ముందు నడువమ్మా," అన్నారు.

ఆమె వెనక విద్యార్థులు, అందరికన్నా వెనక, రాసుకోవడానికి యమున దగ్గర కాగితం అడిగి పుచ్చుకున్న మాస్టారు నడిచారు.