రెండు గ్లాసుల బోర్డో

పెద్ద హోటళ్లలో ఇరవై ఏళ్లు వైన్ వడ్డించిన ఆశేర్ తాగుడు మానేసి నాలుగేళ్లయింది. 1998లో శంషాబాద్ దగ్గర జగదీశ్ అనే సంపన్నుడి ఫామ్‌హౌస్‌కు, వైన్ సీసాల గది చూసుకునే పని అడగడానికి వెళ్లాడు.

జగదీశ్ రెండు గ్లాసుల్లో ఫ్రాన్సు ఎర్ర వైన్ పోశాడు. "రెండూ బోర్డోవే. ఒకటి పంతొమ్మిది వందల అరవై ఒకటిల చేసింది, ఇంకోటి డెబ్బైల. ఏది మంచిదో చెప్పు."

ఆశేర్ వాసన చూశాడు. "మొదటిది ఎండు అంజీర్ లెక్కున్నది సార్."

"వాసనతోని ఏం తెలుస్తది? తాగి చెప్పు."

ఆశేర్ గ్లాసు కింద పెట్టి మళ్లీ తీశాడు. పని కావాలి. రెండింట్లోనూ ఒక్కో గుక్క తాగాడు.

"మొదటిదే మెత్తగ దిగింది. రెండోదాంట్ల ఇంకా వగరున్నది."

"కరెక్టు. కానీ నా సీసాల గదికి తాగనోడు కావాలె. ఇగ పో."

ఆశేర్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాడు.

"సార్, గ్లాసులల్ల మిగిలింది జర తాగిపోత."