నాలుగు వేళ్ల సందు

హనోయ్‌లో మోటారు సైకిళ్ల షోరూంకు వెళ్లి బండి మీద కూర్చున్నవాణ్ణి, ఆ బండి కొనేదాకా బయటికి పంపరు. కరీంనగర్ నుంచి వచ్చిన పర్యాటకుల బస్సులో ఈ సంగతి నమ్మనివారు లేరు. అది ఎవరికి జరిగిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఆదిలాబాద్ పత్తి వ్యాపారి హనుమండ్లు చెప్పాడు, అంతే. అతను ముందు సీట్లో కూర్చుంటాడు కనుక, అతని మాట చివరి సీటు చేరేసరికి కళ్లారా చూసినంత గట్టిపడేది.

హుస్నాబాద్ రైతు భూపాల్‌రావు ఇప్పుడు అలాంటి షోరూంలో, అలాంటి బండి మీదే కూర్చుని ఉన్నాడు. తలుపు తెరుచుకోవడం లేదు.

"ముందైతే దిగుండ్రి," అంది భార్య నిర్మలాదేవి. "వద్దని మొదలే చెప్పిన. ఇన్నరా మీరు?"

అతను దిగాడు. అరగంట కిందట వాన జోరందుకుంటే, ఎరువుల దుకాణం పేరు అచ్చువేసిన ఒకే గొడుగు కింద ఇద్దరూ ఇక్కడికి చేరారు. గాజు తలుపు దానంతటదే గోడ వెంట పక్కకు జరిగింది. భూపాల్‌రావు ముచ్చటపడి లోపలికి నడిచాడు. తడి గొడుగు గడప దాటడం నిర్మలాదేవి సొంత ఇంట్లోనే ఒప్పుకోదు. దాన్ని మూసి, బయటే ఆనించి వచ్చింది. ఇప్పుడు వాన వెలిసింది. మూడు గంటలకు బస్సు విమానాశ్రయానికి బయలుదేరుతుంది. ఎవరికోసమూ ఆగదని గైడు పొద్దున రెండుసార్లు చెప్పాడు. గోడ గడియారం రెండు నలభై చూపిస్తోంది.

భూపాల్‌రావు మరోసారి తలుపు ముందు నిలబడ్డాడు. అది నాలుగు వేళ్ల మేర తెరుచుకుంది, ఆగింది, తిరిగి మూసుకుంది. అడుగు వెనక్కి వేసి మళ్లీ వెళ్లాడు. మళ్లీ అవే నాలుగు వేళ్లు. తలుపు మీద నడుము ఎత్తు దాకా బండి బొమ్మ అతికించి ఉంది. దాని పైనుంచి చూస్తే, రోడ్డు మీద జనం తమ దారిన తాము పోతున్నారు.

"మిషిను ఖరాబైనట్టున్నది," అన్నాడు.

"ఖరాబైతే మొత్తానికే తెరుచుకోవద్దు గద. గిది జరంత తెరిచి మూస్తున్నది. ఎవ్వలో లోపల్నుంచి బటన్ ఒత్తుతుండ్రు."

పొలంలో మోటారు ఆగిపోతే తీగ తీగా తడిమి చూశాక గానీ మెకానిక్‌ను పిలవని మనిషి, ఇక్కడ తలుపును వదిలేసి బండి వంక చూశాడు. సీటు మీద అతని తడి బట్టల మరక ఉంది. షోరూంలో ఉన్న ఒకే ఒక్క అమ్మాయి నవ్వుతూ దాన్ని తుడుస్తోంది.

తుడవడం అయ్యాక ఆమె కూడా వెళ్లి తలుపు ముందు నిలబడింది, ఎవరికో ఫోన్ చేసింది. తర్వాత ఫోన్‌తో తన భాషలో ఏదో చెప్పి, దాన్ని వాళ్ల ముందు పట్టుకుంది. ఫోన్ తెలుగులో పలికింది:

"దయచేసి కూర్చోండి. మీరు ఇప్పుడు వెళ్లలేరు. మేనేజర్ వస్తున్నారు."

ఈ యాత్ర ఆరు రోజుల్లో బయటివాళ్ల దగ్గర మొదటిసారి వినిపించిన తెలుగు అది. భూపాల్‌రావు కూర్చున్నాడు. జేబులోని పాస్‌పోర్టులు రెండూ ఉన్నాయో లేదో తడిమి చూసుకున్నాడు. అమ్మాయి రెండు కప్పుల టీ, బండ్ల రంగుల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తాగకుండ్రి," అంది నిర్మలాదేవి మెల్లగా. "తాగితే ఒప్పుకున్నట్టే."

అతను పెదవుల దాకా వచ్చిన కప్పును దించాడు.

నిర్మలాదేవి హనుమండ్లుకు ఫోన్ చేసింది. అతను అప్పటికే బస్సెక్కి కూర్చున్నాడు. సంగతంతా విని, తాను ముందే చెప్పానని మూడుసార్లు గుర్తుచేశాడు. తాను వచ్చేదాకా దేనిమీదా సంతకం పెట్టవద్దని, బస్సు ఆగింది ఆ వీధి చివరే కనుక ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పాడు. ఐదు నిమిషాలు గడిచాయి. ఇంకో ఐదు గడిచాయి. హనుమండ్లు రాలేదు, మేనేజరూ రాలేదు.

"కొంటమని చెప్తే పాయె," అన్నాడు భూపాల్‌రావు. "ముందుగాల బయట పడితే సాలు."

"కొని యాడ పెడ్తరు? ఇమానంల మీ ఒళ్లె పెట్టుకుంటరా?"

అతను లేచి వెళ్లి తాను ఎక్కి దిగిన ఎర్రబండి మీద చెయ్యి వేసి, అమ్మాయి వైపు చూసి తల ఊపాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. పరుగున వెళ్లి ఒక ఫారం, పెన్ను తెచ్చింది. భూపాల్‌రావు పెన్ను మూత తీశాడు. ముప్పై ఏళ్లుగా పట్టాదారు పాసుపుస్తకాల మీద తడబడకుండా సంతకం పెట్టినవాడు, ఈ ఫారంలో సంతకం చోటెక్కడో వెతుక్కున్నాడు.

అప్పుడు కనిపించాడు హనుమండ్లు, గాజుకు అవతల. తాను చెప్పిన కథ మీద అతనికే ఎంత నమ్మకమంటే, తలుపుకు బారెడు దూరంలోనే ఆగిపోయాడు.

"పెన్ను కింద పెట్టుండ్రి సారూ," అని బయటినుంచి కేకవేశాడు. "అక్కా, జర ధైర్యంగుండు. గైడుకు చెప్పిన, పోలీసులకు ఫోన్ చేస్తుండు."

ఆ మాటకు నిర్మలాదేవి కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపలికి అడుగు పెట్టే ధైర్యం లేక, ఊరికే నిలబడలేక హనుమండ్లు అటూ ఇటూ చూశాడు. గోడ వారన నేల మీద అతని చూపు ఆగింది.

"గిదేందక్కా," అన్నాడు, "ఎంత పరేషాన్ల ఉంటె మాత్రం గొడుగును గిట్ల పారేస్తరా?"

నిర్మలాదేవి తలుపుకే ఆనించిన గొడుగు, తలుపు మూసుకున్నప్పుడు జారి, తలుపు పక్కకు జరిగే గాడిలో పొడుగ్గా పడి ఉంది. హనుమండ్లు వంగి దాన్ని పైకి తీశాడు.

తలుపు బార్లా తెరుచుకుంది.