తెల్ల హెల్మెట్ మనిషి

“ఈ తెల్ల హెల్మెట్ వాడెవడో నేను చెప్పాలేటి?” అన్నాడు శౌరి, జిరాక్సు కాగితాన్ని తలపైకెత్తి.

వర్క్‌షాప్ గేటు ముందు బైఠాయించిన నలభై మందీ గొల్లుమన్నారు. అక్కడ పనివాళ్లవన్నీ పసుపు హెల్మెట్లు. తెల్లది ఒక్కడికే ఉంది, కాంట్రాక్టరు రమాకాంత్‌కి.

సమ్మెకది పదకొండో రోజు. ఇరవై అడుగుల ఎత్తున సేఫ్టీ బెల్టు లేకుండా పనిచేస్తూ నూకరాజు కిందపడ్డాడు. భుజం ఎముక విరిగింది. విరిగిన మనిషి మాకెందుకని రమాకాంత్ అతని గేట్‌పాస్ లాక్కున్నాడు. నూకరాజుని వెనక్కి తీసుకోవాలి, ఎత్తెక్కే ప్రతివాడికీ బెల్టివ్వాలి. అడిగింది ఇంతే. పది రోజులు అరిచి నాయకుడు శౌరికి గొంతు పోయింది. సగం మంది జారుకున్నారు. క్రిస్మస్ దాటితే మిగతా సగమూ నిలిచేలా లేరు.

సరిగ్గా అప్పుడు దొరికింది ఆ పుస్తకం. శౌరి కూతురు ఏంజెలా, పదిహేడేళ్లది, కాలేజీ పోటీకి గీసిన బొమ్మల నవల. రంగులేసిన అసలు పుస్తకం కాలేజీకి వెళ్లిపోయింది. దాని నలుపు తెలుపు జిరాక్సు ఇంట్లో బల్ల మీదుంటే శౌరి అడక్కుండా చంకలో పెట్టుకున్నాడు.

“పప్పా, ఏక్ మినిట్. ఆ బుక్ గురించి ఒకటి చెప్పాలి.”

“తర్వాతమ్మా. మీటింగుంది.”

పవర్ హౌస్ బజారుకెళ్లి రెండొందల సెట్లు తీయించాడు. ఆటోల వెనక, టీ బడ్ల మీద, వర్క్‌షాప్ గోడ పొడవునా అతికించాడు.

పుస్తకంలో ఒక్క మాట లేదు. భిలాయిలో పుట్టిన ఏంజెలాకి తెలుగు రాయడం రాదు, శౌరికి హిందీ చదవడం రాదు. అందుకే అంతా బొమ్మలే. అదే కలిసొచ్చింది. ఛత్తీస్‌గఢీ వాడైనా ఒడియా వాడైనా నిలబడి చూస్తే అర్థమైపోతుంది.

క్రిస్మస్ ముందురోజు దయ్యాలొచ్చి రాతిగుండె మనిషిని కరిగించే పాత ఇంగ్లీషు కథే అది. దయ్యాల బదులు ఇందులో నిప్పురవ్వ అనే పిల్ల ఉంది. కొలిమి మంటలోంచి పుట్టి, వెనకాల వెల్డింగ్ రవ్వలు చిమ్ముతూ ఎగురుతుంది. హెల్మెట్ మనిషిని కాలరు పట్టి లేపి నిన్నటిలోకి, నేటిలోకి, రేపటిలోకి ఈడ్చుకెళ్తుంది. వాడి మొహం ఎక్కడా కనపడదు. హెల్మెట్ కింద తెరిచిన నోరొక్కటే.

“మన సేఠ్ అరవడు గదన్నా,” అన్నాడు నూకరాజు, కట్టు కట్టిన చెయ్యి సర్దుకుంటూ. “మెల్లగా మాటాడే పీక కోస్తాడు.”

“బొమ్మల్లో నోరు పెద్దగానే గీస్తార్రా. ఈ పేజీ చూడు. డబ్బా నిండా గులాబీ పువ్వులొండుకొచ్చి గుమ్మంలో నిలబడిందే, ఈ పిల్ల నీ కూతురు. పండగ పూట బతిమాలతంది. వీడు కన్నెత్తి చూడకండా పోతన్నాడు.”

“నాకిద్దరూ కొడుకులేనన్నా.”

“ఊరుకోరా. బొమ్మల్లో కూతురైతేనే బాగుంటాది.”

మళ్లీ నవ్వులు. నవ్విన జనం వెళ్లిపోరు, అది శౌరికి తెలుసు. జారుకున్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కొచ్చారు. పక్క వర్క్‌షాపుల వాళ్లూ వచ్చి కూర్చున్నారు. ఇరవై మూడో తేదీ సాయంత్రానికి గేటు ముందు మూడొందల మంది.

ఇరవై నాలుగు పొద్దున్న శౌరి చెప్పులేసుకుంటూ అడిగాడు. “చివరి పేజీ ఖాళీగా వదిలేశావేటమ్మా?”

“ఆయన మారాక గీస్తా పప్పా.”

“మార్చి చూపిస్తాను చూడు,” అని వెళ్లిపోయాడు. గుమ్మంలో ఏంజెలా ఇంకేదో అనబోయింది. అప్పటికే వీధి మలుపు తిరిగేశాడు.

మధ్యాహ్నం మూడింటికి గేటు తెరుచుకుంది. రమాకాంత్ ఒక్కడే వచ్చాడు. తెల్ల హెల్మెట్ చేతిలో ఉంది, దాని కింద మడిచిన జిరాక్సు కాగితం.

“మావాడు స్కూలు నుంచి తెచ్చాడు,” అన్నాడు ఎప్పట్లాగే మెల్లగా. “‘పాపా, యే ఆప్ హో?’ ఇది నువ్వేనా అనడిగాడు. కాదనడానికి నోరు రాలేదు శౌరీ.”

జేబులోంచి గేట్‌పాస్ తీసి నూకరాజు మెడలో తనే వేశాడు. బెల్టుల కాగితం మీద అందరి ముందూ సంతకం చేశాడు. మూడొందల గొంతులు లేచాయి. ఎవరో శౌరిని భుజాలకెత్తుకున్నారు. పోయిన గొంతుతోనే అతను జిందాబాద్ కొట్టాడు. బొమ్మల పుస్తకంతో కాంట్రాక్టరు మెడలు వంచిన మొనగాడు భిలాయిలో ఇంకెవడున్నాడు?

ఎండ ఉండగానే శౌరి సెక్టర్ 7లో ఇంటి మెట్లెక్కడం ఈ మధ్యకాలంలో అదే మొదలు.

“గడియారమేటి ఆగిపోయిందా?” అంది భార్య సులోచన గోడ వైపు చూస్తూ.

“గెలిచామే. నీ కూతురు గెలిపించింది.” పసుపు హెల్మెట్ కొక్కేనికి తగిలించి కూతురి పక్కన కూలబడ్డాడు. ఏంజెలా డబ్బా మూత తీసింది. కరకరలాడే గులాబీ పువ్వులు నాలుగు వరసగా నమిలాడు.

“బాగున్నాయమ్మా. ఎప్పుడొండారు?”

“ఏటా వండుతాం పప్పా.”

శౌరి ఐదోది అందుకున్నాడు. “ఆ మనిషి మారాడు. ఇక నీ చివరి పేజీ గీసుకో.”

“చూస్తున్నాను పప్పా,” అని నవ్వింది ఏంజెలా. లోపలికెళ్లి, మొదటి బహుమతితో ఆ పొద్దునే కాలేజీ నుంచి తిరిగొచ్చిన అసలు పుస్తకం తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. శౌరి చేతికంటిన నూనె తుడుచుకుని గర్వంగా అట్ట తిప్పాడు.

హెల్మెట్ పసుపుపచ్చగా ఉంది.