పెరట్లో పెద్దాయన

“నీకంటే మా పెద్దాయనే నయం బావా. నిలబెట్టిన చోట నిలబడతాడు. నువ్వు అడవి కొండమేకవి, రాయి కనబడితే ఎక్కేస్తావు.” అరటి మొక్క మొదట్లో నీళ్లు పోస్తూ అంది కుమారి. పెళ్లై ఐదు నెలలు. ఆ ఉదయమే పువ్వు తొంగిచూసింది. ఆమెకు కాలు నిలవడం లేదు.

“మేక అరిటాకు నమిలేస్తాది, సూసుకో,” అన్నాడు మోహనకృష్ణ బూట్లు కట్టుకుంటూ. రామతీర్థం కొండ మీద సర్వే పని ఇవాళతో ఆఖరు.

“ఆయనకి పువ్వైనా వచ్చింది. నీకు కొమ్ములు కూడా రాలేదు.”

అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అతని తల్లి దాలమ్మ చేటలో మినుములతో బయటికి వచ్చింది.

“పెద్దాయనేటే?”

కుమారి మొక్కకున్న పసుపు తాడు సర్దింది.

“ఈయనే అత్తా. మొదటి మొగుడు బతకడని నా జాతకంలో ఉందట. అందుకే ముందు దీనితో పెళ్లి చేశారు. తర్వాత నరికేయాలి. మా పాలేరు గంగులు కత్తి ఎత్తితే నాకు ఏడుపొచ్చింది. వేరే మొక్క నరికించి, దీన్ని సిమెంటు బస్తాలో తెచ్చుకున్నాను.”

దాలమ్మ చేతిలో చేట జారింది. మినుములు పెరడంతా దొర్లాయి.

“మొదటోడు సావలేదా? మరి ఆ గండం నా కొడుక్కే కదే.”

కుమారి నవ్వు ఆగిపోయింది. గాలి లేదు. అయినా అరిటాకులన్నీ కొండ వైపే వాలి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆమె గమనించనేలేదు.

“బావ వచ్చాక...”

“వస్తే కదే. కత్తి తే.”

కుమారి కత్తి తెచ్చి అత్త చేతిలో పెట్టింది. చూడలేక లోపలికి వెళ్లిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది. మోహనకృష్ణతో పని చేసే లక్ష్ముడు.

“వదినా, బయపడకు. అన్న కొండ మీంచి జారిపోయాడు. నట్టనడుమ ఏదో మొక్క దొరికితే పట్టుకున్నాడు. తాడు దించుతన్నాం.”

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పెరట్లో కత్తి వేటు వినబడింది. నరకనీ, గండం దాంతోనే పోతుంది అనుకుంది.

“గట్టి మొక్కేనా?”

“ఇందాకటి దాకా రాయిలా ఉన్నాది. ఇప్పుడే ఎందుకో ఊగతన్నాది.”

రెండో వేటు పడింది.

“ఏం మొక్కది?”

“అదే ఇడ్డూరం. గడ్డి కూడా మొలవని బోడిరాయి మీద... అరటి మొక్క వదినా, పసుపు తాడు కట్టున్నాది.”