సముద్రం కనబడే సీటు

"ఏందప్పా, నా సీట్లో కూసున్నావ్? లెయ్!"

ఆదిలక్ష్మమ్మ కేకకు బస్సంతా ఉలిక్కిపడింది.

ఆళ్లగడ్డలో ఆమె నోటికి జంకనివాళ్లు లేరు. మొగుడు పోయినప్పటి నుంచీ మెట్టచేను ఒంటిచేత్తో సేద్యం చేసిన మనిషి. ఆమె చేని గట్టు జరిపే ధైర్యం ఊళ్లో ఏ మొగాడికీ లేదు.

సముద్రం ఒడ్డున ప్లాట్లు చూపించే ఆ బస్సులో ముందు సీటు తనకే కావాలని ఆమె ఏజెంటుకు ఎప్పుడో చెప్పి పెట్టుకుంది. సముద్రం అందరికంటే ముందు తనకే కనబడాలి.

అందులో ఎవరో ముసలాయన కూర్చున్నాడు. ఎండకూ ఉప్పుగాలికీ మాడిన ఒళ్లు, మాసిన లుంగీ, ఒళ్లో చిన్న మూట. ఆళ్లగడ్డకు రాకముందే, బస్సు బయల్దేరిన నంద్యాలలోనే ఎక్కినట్టున్నాడు.

గభాలున లేచాడు.

"కూర్చోండమ్మా. ఒక్క మాట..."

"మాటలు తర్వాత. నిన్నెవురు ఎక్కనిచ్చినారు? ఇది ప్లాట్లు కొనేటోళ్ల బస్సు."

"మాది మీరు వెళ్లే ఊరేనమ్మా. ఇంటికి పోతూ దారిలో మీ అందరికీ..."

"ఓహో! ఊరికే పోదామని ఎక్కినావా? మీ తాత బండి అనుకున్నావా ఇది?"

అప్పుడే ప్లాట్ల ఏజెంటు శాంతయ్య బస్సెక్కాడు. ముసలాయనను చూసి మెట్టు మీదే ఆగిపోయాడు. మొహం పాలిపోయింది.

తన ఏర్పాటు చెడినందుకు సిగ్గుపడుతున్నాడనుకుంది ఆదిలక్ష్మమ్మ.

"ఏమంటావక్కా? దించేద్దునా?" అన్నాడు శాంతయ్య.

వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

"దించెయ్! ఈపొద్దు సీట్లో కూసున్నోడు, రేపు నా ప్లాట్లో గుడిసె ఏస్తాడు."

శాంతయ్య ముసలాయన జబ్బ పట్టుకుని ఈడ్చాడు. ఆయన తలుపు కడ్డీని వదల్లేదు.

"అమ్మా, ఒక్క మాట వినండి!"

శాంతయ్య తోశాడు. ముసలాయన రోడ్డు మీద మోకాళ్ల మీద పడ్డాడు. బస్సు కదిలింది.

"పాపం" అన్నారెవరో వెనక నుంచి.

"పాపమేంది, పాపం! దుడ్లు మనవి, కులికేది వాళ్లా?" అని గదిమింది ఆదిలక్ష్మమ్మ.

దారి పొడుగునా శాంతయ్య ఊరిస్తూనే ఉన్నాడు.

"ఆడికి తెల్లోళ్లు వస్తాండారు. పలకల మీద నిలబడి అలల మీద సవారీ చేస్తారు. రేపు రోడ్డు పడనీ, ఇసుకంతా బంగారమే!"

ఆదిలక్ష్మమ్మకు బంగారం అక్కర్లేదు. వాన కోసం మొగులు చూసి చూసి ఆమె మెడ పట్టేసింది. నీళ్లు తమంతట తామే కాళ్ల దగ్గరికి వచ్చే చోట ఓ గది కట్టుకుని కన్నుమూయాలని ఆమె ఆశ.

పొద్దు వాలే వేళకు సముద్రం కనబడింది. ఆమెకే మొదట.

బస్సు దిగగానే చెప్పులు విడిచి, అంతెత్తున లేచి విరిగిపడే అలల నురగలో కాళ్లు తడుపుకుంది.

కానీ శాంతయ్య చూపించిన ప్లాటు పక్కనే సరుగుడు తోటలో ఓ గుడిసె ఉంది.

"ఇదేంది శాంతయ్యా? ఎవుర్దీ గుడిసె?"

"ఎవురో పనికిమాలినోళ్లులేక్కా. పీకిస్తా."

"నువ్వేంది పీకించేది? నేనే పోయి అడుగుతా."

"పోవద్దక్కా! మంచోళ్లు కారు..."

ఆమె అప్పటికే విసవిసా సగం దూరం నడిచింది.

గుడిసె ముందు ఓ ముసలమ్మ కూర్చుని దారివంక చూస్తోంది. ఆదిలక్ష్మమ్మ నోరు తెరిచేలోగానే లేచి, లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ముందు తాగండమ్మా. ప్రయాణం చేసి వచ్చారు. ఏ ఊరు మీది?"

"ఆళ్లగడ్డ."

ముసలమ్మ మొహం విప్పారింది.

"నంద్యాల దగ్గరే కదమ్మా? మా ఇంటాయన అక్కడికే వెళ్లాడు. మీ బస్సులో వస్తాడేమోనని చూస్తున్నా. రాలేదా?"

చెంబు ఆదిలక్ష్మమ్మ పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"ఎందుకు పోయినాడు?"

"ఈ నేలను ఎవరో ప్లాట్లు చేసి అమ్ముతున్నారని తెలిసిందమ్మా. మా మామగారి నాటి నుంచి ఇది మాదే. మేమెవరికీ అమ్మలేదు."

ఆదిలక్ష్మమ్మ చెంబు కింద పెట్టింది.

"అయితే... ఆ ఏజెంటుతో కొట్లాడేదానికి పోయినాడా?"

ముసలమ్మ తల అడ్డంగా ఊపింది.

"కొట్లాటకు కాదమ్మా. మన నేల ఎక్కడికీ పోదు, ఎక్కడి నుంచో వచ్చి కొనుక్కునే వాళ్లే పాపం మోసపోతారు, వాళ్లకో మాట చెప్పి వస్తానని వెళ్లాడు."