పెరట్లో పొయ్యి

రాయపూర్ రైల్వే క్వార్టరు పెరట్లో, పొయ్యిమీది సారాకుండని నేలకేసి కొట్టబోయింది పైడమ్మ. అత్త అన్నమ్మ అడ్డంపడింది.

"కన్నకొడుక్కి నువ్వే ఇప్పసారా కాస్తన్నావా అత్తా? ఆడికి చుక్క కూడా పొయ్యొద్దని గుఢియారీ పేటలో సారాదుకాణం సేటు కాళ్లట్టుకుని మరీ చెప్పొచ్చానే!"

"అక్కడే కొంప మునిగిందే. సేటు పొయ్యనన్నాడని, నీ మొగుడు బోగీలకి పూసే స్పిరిట్ పాలిష్ తాగుతన్నాడు."

"అబద్ధం!"

"మరి ఆడి కళ్లెందుకు మసకలేసాయి?"

ఇన్నాళ్లూ ఇంజను పొగ పడిందనుకుంది పైడమ్మ. లోపల మొగుడు దానయ్య ఎదురుగా ఉన్న కంచం కోసం నేలంతా తడుముతున్నాడు.

"ఇదీ ప్రాణం తీసేదే కదత్తా?"

"తీస్తాది. కాకపోతే నెమ్మదిగా."

పైడమ్మ కుండని తిరిగి పొయ్యిమీద సర్దింది. పొయ్యి ముందు కూలబడి, ఆరిపోతున్న మంటని ఊదసాగింది.